ఊపిరి మందులో క్రొత్త వాయువు

అలిపిరి నుండి తిరుమలకు మెట్లు సుమారు 3,550. ఉబ్బసము గలవారు నడకదారిని రావలదని దేవస్థానమువారు సూచించుచుందురు. అయినను మ్రొక్కుకొన్నవారు కొందరు రొంటిని ఇన్‌హేలరు దోపుకొని యెక్కుచునే యుందురు. ఆ చిన్న డబ్బాలో మందు అణుమాత్రము. తక్కినది దాదాపుగా దానిని ఊపిరితిత్తులలోనికి త్రోయు వాయువే. ఆ వాయువును గూర్చియే నేడు మేము ముచ్చటింపదలచినది.

1956లో అమెరికాలో ఈ సాధనము వెలువడినపుడు అందు వాడినవి క్లోరోఫ్లోరోకార్బనులు. ఇవి ఓజోను పొరను హరించుచున్నవని తేలుటచే 1987లో మాంట్రియల్ ఒడంబడిక కుదిరినది. వానికి మారుగా వచ్చిన హెచ్.ఎఫ్.ఎ. 134ఎ ఓజోనును ముట్టదు గాని భూమిని వేడెక్కించును. బరువుకు బరువు తూచినచో బొగ్గుపులుసు వాయువుకంటె వేయిరెట్లకు పైగా. ఇట్టి వాయువులను తగ్గించుటకు 2016లో కిగాలిలో కుదిరిన సవరణను మన దేశము 2021లో ఆమోదించినది. ఇటీవల పరీక్షలకు వచ్చిన 152ఎ అను వాయువు వేడిమి అందులో సుమారు పదవవంతు.

మందు పాతదే గదా, మరల మనుష్యులపై పరీక్ష యేల యని శ్రోతలు అడుగవచ్చును. వాయువు మారినచో తుంపర పరిమాణము మారవచ్చును. తుంపర పెద్దదైన గొంతులోనే నిలిచిపోవును. క్రొత్త వాయువే దగ్గు పుట్టింపవచ్చును. గాజుగొట్టములలో ఇదంతయు తేలదు. ఉబ్బసము గలవారే ముందుకు రావలెను. వచ్చినవారిలో కొందరికి పాత డబ్బా, కొందరికి క్రొత్తది. ఎవరికేది యిచ్చిరో సాధారణముగ రోగికిని వైద్యునికిని కూడ తెలియనీయరు.

పలమనేరు, పుంగనూరు పల్లెలనుండి పెద్దాసుపత్రికి వచ్చు రైతు డాక్టరుగారు చూపినచోట వ్రేలిముద్ర వేయును. అడుగుట అమర్యాద యనుకొనును. మృగశిర కార్తెనాడు హైదరాబాదులో చేపమందుకై బారులు తీరువారును అడుగరు. అది నమ్మకము, దాని జోలి మాకు వలదు. ఔషధ పరీక్షకు మాత్రము నమ్మకము చాలదు. 2019 నాటి నియమముల ప్రకారము, నైతిక సంఘము అనుమతి లేనిదే పరీక్ష మొదలు కారాదు. సంగతి యంతయు రోగికి తెలిసిన భాషలో చెప్పవలెను. చదువు రానివానికి నిష్పక్షపాతియైన సాక్షి యుండవలెను. నడుమ మానుకొన్నను అతనికి రావలసిన వైద్యము ఆగరాదు. పరీక్షవలన హాని కలిగినచో ఉచిత చికిత్సయు పరిహారమును ఈయవలెను.

వాయువే లేని పొడిమందు సాధనములు మన అంగళ్లలో చిరకాలముగ నున్నవి. గట్టిగ పీల్చలేని పసిబిడ్డలకు అవి కుదరవు. భూతాపమునకు వెఱచి వైద్యుని యడుగక ఉన్న మందును ఎవరును మానరాదు. ఇక పరీక్షకు ఒప్పుకొనువారిని వ్రేలిముద్రకు ముందు మేము మరియొకటి కూడ అడుగుమందుము: ఇది ముగిసిన పిదప ఈ మందు మా యూరి అంగడికి వచ్చునా, వచ్చినచో ఏ వెలకు?