జంట గీతలు విడిపడే పెట్టె
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రయోగశాలకు స్పెక్ట్రోమీటరు కానుకగా ఇద్దామనుకున్నప్పుడు చాలామంది కొనేద్దామన్నారు. నేను తయారుచేద్దామన్నాను. డబ్బొక్కటే కారణం కాదు. కొన్న పెట్టెకు సీలు ఉంటుంది. ఎక్కడ పాడవుతుందోనన్న భయంతో అది బీరువాలోకి వెళ్తుంది. మన బళ్లలో బీరువాలకు ఆకలెక్కువ.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పాగ్సన్ మచిలీపట్నంలో సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును విడదీసి చూశారు. అందులో ఒక పసుపు గీత ఉంది. సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. ఇది 587.6 దగ్గరిది. ఆ కాస్త తేడా తర్వాత తేలబట్టే హీలియం సంగతి బయటపడింది. రిజల్యూషన్ అంటే ఇదే పిల్లలూ, పక్కపక్కనున్న రెండింటిని రెండుగా చూడగలగడం.

డీవీడీ ముక్క, ఫోన్ కెమెరాతో చేసే పెట్టె రంగులు చూపిస్తుంది గానీ సోడియం జంటను విడదీయడం దానికి కష్టం. మన పెట్టెలో మిల్లీమీటరుకు 1200 గాట్లున్న గ్రేటింగ్, 100 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల రెండు పుటాకార దర్పణాలు, 3648 పిక్సెళ్ల లైన్ సెన్సర్ ఉన్నాయి. పిక్సెల్ 8 మైక్రాన్లు. లెక్కకు పిక్సెల్‌కు సుమారు 0.07 నానోమీటరు వస్తుంది. ఖర్చంతా ఇక్కడితో సరి.

పనితనం మాత్రం స్లిట్‌లో ఉంది. అంటే రెండు కొత్త బ్లేడు అంచులు. వాటి మధ్య సందు 100 మైక్రాన్లుంటే సోడియం జంట ఒకే మచ్చ. 20కి తెస్తే రెండూ విడివడతాయి. అయితే వెలుగు తగ్గుతుంది, సెన్సర్‌కు ఎక్కువసేపు చూసే వ్యవధి ఇవ్వాలి. ఒకేసారి కనిపించేది 240 నానోమీటర్ల మేరే. ముదురు ఎరుపు కావాలంటే గ్రేటింగ్‌ను కాస్త తిప్పుకోవాలి. అన్నీ ఒకేసారి కావాలనేవాళ్లకు ఇది నచ్చదు.

మేష్టారూ, పిల్లలు దీన్ని విప్పితే కోప్పడకండి. మళ్లీ బిగించాక ట్యూబులైటు ముందు పెట్టి, పాదరసం గీతలు 435.8, 546.1 దగ్గర పడ్డాయో లేదో చూడమనండి. ఆపైన స్పిరిట్ దీపం వత్తికి కాస్త ఉప్పునీళ్లు అద్ది సోడియం జంటను వెతుక్కుంటారు.

మూతకు నాలుగే మరలు. స్క్రూడ్రైవరు పెట్టెకే దారంతో కట్టి ఉంచాం.