అరుగు మీది అర్జీలు

పౌరహక్కులన్న మాట వినగానే, అది నగరములలోని న్యాయవాదుల వ్యవహారమని చీపురుపల్లి వంటి ఊళ్లలో పెక్కుమంది తలంతురు. మేమును చాలకాలము అట్లే తలచితిమి. నిరుడు పదిమందిమి కూడి, వారమున కొక సాయంకాలము ఒక మిత్రుని వీధి అరుగుపై కూర్చుండి, వచ్చినవారి గోడు విని అర్జీలు వ్రాయ నారంభించిన పిదపగాని అసలు సంగతి మాకు బోధపడలేదు.

వచ్చినవారిలో ఎక్కువమంది పింఛనుకొరకు, రేషను కార్డుకొరకు తిరిగి తిరిగి అలసినవారు. వీరి పని సులభము. 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము క్రింద ఒక్క కాగితము చాలును. ముప్పది దినములలో జవాబీయవలెను. గ్రామస్థాయి కార్యాలయమునకు మన రాష్ట్రమున రుసుమే లేదు. “నా మాటకన్నా ఈ కాయితానికే ఇలువెక్కువ బాబూ” అని ఒక ముసలమ్మ అన్నప్పుడు మేము నవ్వితిమి గాని, ఆ నవ్వు సంతోషము వలన వచ్చినది కాదు.

కష్టమైనది మరియొకటి. ఒక రాత్రి ఒక తల్లి వచ్చినది. దొంగతనపు అనుమానముతో ఆమె కుమారుని ఠాణాకు తీసికొనిపోయి అది మూడవ రాత్రి. అరెస్టు చేసితిమని చెప్పరు, విడువరు. ఊరక అడుగుటకు పిలిచినారట! రాజ్యాంగము 22వ అధికరణము ప్రకారము, ప్రయాణకాలము మినహా, ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. అరెస్టు పత్రముపై సాక్షి సంతకముండవలెనని, బంధువులకు తెలుపవలెనని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు డి.కె. బసు వ్యాజ్యమున శాసించినది. ఆ వ్యాజ్యమునకు మూలము 1986లో బసుగారు ప్రధాన న్యాయమూర్తికి వ్రాసిన ఒక ఉత్తరము మాత్రమే! మేమును ఒక పుట వ్రాసి, తల్లి వ్రేలిముద్ర వేయించి, పై అధికారికొకటి, మేజిస్ట్రేటుకొకటి పంపితిమి. మరునాటి మధ్యాహ్నమునకు పిల్లవాడు ఇల్లు చేరెను.

“దొంగల పక్షము పట్టుదురా?” అని ఊరివారు మమ్ము అడిగిరి. అతడు దొంగయో కాదో తేల్చవలసినది న్యాయస్థానము. మేమును కాము, ఠాణాయును కాదు. ఈ మాట చెప్పుట సులభమే. ఇంటిలో సొమ్ము పోయినవానికి నచ్చజెప్పుట సులభము కాదు.

కాగితమునకు ఎల్లప్పుడును బలముండునని మేము చెప్పము. 1979లో విజయనగరము జిల్లా ఏర్పడువరకు మన తాలూకాయు శ్రీకాకుళము జిల్లాలోనిదే గదా. ఆ జిల్లాలోని సోంపేటలో 2010 జూలై 14న, బీలభూములలో థర్మల్ కేంద్రము వలదన్న రైతులపైన, మత్స్యకారులపైన కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. ఆ కేంద్రమునకిచ్చిన అనుమతిపై అప్పటికే అప్పీలు విచారణలో నుండెను. జాతీయ పర్యావరణ అప్పిలేటు అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసినది కూడ ఆ దినముననే! తీర్పు ఒక్క దినము ముందు వచ్చియున్న నేమయ్యెడిదో యని ఆ ప్రాంతమువారు ఎన్నిమారులు తలచిరో!

ఆ పిల్లవాని విషయమున ఫిర్యాదు చేయవలెనని మాలో సగముమంది పట్టుబట్టిరి. అతడు అంగీకరింపలేదు. “రేపు మళ్లీ ఆ వీధినే నడవాలి గదండీ” అనెను. ఆ వాదము మాలో ఇంకను తెగలేదు. వ్రాసిన ఫిర్యాదు, సంతకము లేకుండ, మా రేకుపెట్టెలో నున్నది.