అరచేతి పటము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగము)



గ్రామపు లెక్కలు వ్రాసికొనువాడను, పండితుడను కాను. గ్రంథాలయముల పుణ్యమున నాకు కావ్యముల రుచి తెలిసినది. ఆ ఋణములో కొంత తీర్చుకొనుటకు నేడొక చిన్న వస్తువును గూర్చి మనవి చేసెదను. అరచేతిలో నిముడు ఫలకముపై మరియమ్మ తల్లినో, బాలయేసునో, ఒక పునీతునో చేతితో చిత్రించిన పాత పటము ఏ క్రైస్తవ కుటుంబపు పెట్టెలోనైన నుండవచ్చును. అదియే నా ప్రసంగ విషయము.

ఇట్టి చిత్రమును ‘మినియేచర్’ అందురు. చిన్నదగుటచే ఆ పేరు వచ్చినదని తలంతుము. అది నిజము కాదు. లాటిను భాషలో ‘మినియము’ అనగా సిందూరము. పూర్వము ఐరోపా మఠములలో తోలు పుటలపై గ్రంథములు వ్రాయువారు మొదటి అక్షరములను సిందూరముతో దిద్దెడివారు. క్రమముగా పుటలలోని బొమ్మలకును ఆ పేరే నిలిచెను. పిదప బొమ్మ పుటను వీడి, భక్తులు వెంట గొనిపోవు పటమైనది. దాని పుట్టినిల్లు పుస్తకమే గనుక గ్రంథాలయమున ఈ మాట యెత్తుట అసందర్భము కాదు.

పరదేశపు చిత్రకళ మన సీమకు క్రొత్తయు కాదు. 1565 నాటి తళ్లికోట యుద్ధము పిమ్మట విజయనగర ప్రభువులు పెనుకొండ చేరిరి. అచ్చటినుండి రాజధానిని చంద్రగిరికి మార్చిన వేంకటపతి దేవరాయల కొలువునకు 1598లో జెసూటు పాదరీలు వచ్చిరి. తరువాత వారిలో ఆంగ్లేయుడగు అలెగ్జాండర్ ఫ్రే, ఇటలీవాడగు బార్తొలొమియో ఫోంటెబోనా అను చిత్రకారులు ఆ కొలువున కుంచె పట్టిరి. హీరాసు పాదరీ 1927లో ప్రకటించిన ఆరవీటి వంశ చరిత్రలో ఈ వృత్తాంతము కలదు. రాయలు తిరుపతి వేంకటేశుని భక్తుడు. స్వధర్మమున నిలిచియే పరుల కళకు చోటిచ్చెను. ఉత్తరమున అక్బరు కొలువునకు 1580లోనే పాదరీలు వచ్చిరి. 1600 ప్రాంతమున పదమూడేండ్ల అబుల్ హసన్, జర్మను చిత్రకారుడు డ్యూరరు గీచిన యోహానును చూచి చక్కగా దించెను.

ఇక పనితనము. తోలుపైనను, రాగిరేకుపైనను ఈ పటములు వ్రాసెడివారు. 1700 ప్రాంతమునుండి పలుచని దంతపు బిళ్ల వాడుకలోనికి వచ్చెను. దంతము లోవెలుగు ముఖచ్ఛాయకు జీవము పోయును. మరియమ్మ పైవస్త్రపు మేలిమి నీలము బదక్షాన్ కొండల రాతినుండి తీసినది. సన్నని కుంచెతో చుక్కపై చుక్క పెట్టి, జిగురు కలిపిన నీటిరంగులతో వ్రాయుదురు. లేపాక్షి కుడ్యచిత్రములను చూచినవారికిని, ధర్మవరము చెంత నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు రంగులద్దు ఓర్పు నెరిగినవారికిని దీని విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ నీటిరంగే దానికి ప్రాణభయము. పండుగకని తడిగుడ్డతో తుడిచిన క్షణములో ముఖము చెరిగిపోవును. ఎండలో రంగు వెలియును. తేమకు దంతము వంకరపోవును. వెలిసినదని క్రొత్తరంగు పూయుట మరింత హాని. అద్దము నూడదీయక, పొడిగా, నీడపట్టున ఉంచుడు. చేతిపనియో అచ్చుబొమ్మయో తెలియగోరినచో భూతద్దముతో చూడుడు: అచ్చులో చుక్కలు వరుసదీరి యుండును, కుంచెకు అట్టి క్రమముండదు.

ఊరూర తిరిగి పాతసామాను కొనువారు పటమును చట్రపు వెలకే అడుగుదురు. తొందరపడకుడు. 1972 నాటి చట్టము ననుసరించి నూరేండ్లు దాటిన చిత్రము పురావస్తువు. దానిని సొంతదారులు గాని, వర్తకులు గాని దేశము దాటింపరాదు.

నా మనవి యొక్కటియే. పొలమునకు అడంగలున్నట్లు పటములకును గ్రంథాలయమున ఒక పట్టీ యుండవలెను. పటము ఇంటివారి యొద్దనే యుండును. వారి సమ్మతితో కొలత, ఫలకము, ఎవరి కాలమునుండి ఉన్నది అను వివరములును, ఒక ఛాయాచిత్రమును మాత్రము మనము భద్రపరతము. ఏ మతపు పటమైనను ఇదే పద్ధతి. లెక్కకెక్కని సొత్తు పోయినను పోయినదని తెలియదు. పట్టీకి గీతలు గీచి మొదటి పుట సిద్ధము చేయు పని నాకు ఒప్పగింపుడు. సెలవు.