చందనం ఆయిల్ కొంటున్నారా? ముందు ఈ చిన్న లెక్క చేసుకోండి

ఈ రోజు మన టాపిక్ చందనం ఆయిల్, అంటే గంధపు నూనె. ఫోన్‌లో ఒకసారి సెర్చ్ చేసి చూడండి. అదే పది ఎం.ఎల్. సీసా ఒకచోట 249 రూపాయలు, ఇంకోచోట రెండు మూడు వేలు. రెండింటి మీదా "100 శాతం ప్యూర్" అనే రాసి ఉంటుంది. మరి ఏది నమ్మాలి? కొన్నాక ఎలా వాడాలి? ఈ రెండూ చూద్దాం.

ముందుగా నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మా పెద్దమ్మ కూతురి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతుర్ని చేసే రోజుకి ఇంకా పది రోజులుంది. "ఒరే, ముఖానికి మంచి గంధం నూనె ఏదైనా ఉంటే చూడరా" అంది అక్క. నేను ఆన్‌లైన్‌లో స్టార్లు బాగున్న ఒక సీసా చూసి ఆ లింక్ పంపించాను. అది 249 రూపాయల సీసా. అక్క దాన్ని రాత్రి పడుకునే ముందు ఏమీ కలపకుండా నేరుగా ముఖానికి రాసుకుంది. మూడో రోజు పొద్దున లేచేసరికి బుగ్గలు ఎర్రగా కందిపోయి, కళ్ళ కింద వాచిపోయి ఉంది. ఒకటే మంట, దురద. స్కిన్ డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. నలుగు పెట్టే రోజుకి వాపు తగ్గింది కానీ మచ్చలు పోలేదు. ఫొటోల్లో ఆ మేకప్ వెనకాల ఏముందో నాకూ అక్కకీ తెలుసు.

ఆ రోజు డాక్టర్‌గారు చెప్పిన మాట నాకు బాగా గుర్తుండిపోయింది. "ఇది డూప్లికేట్ కావచ్చమ్మా. కానీ ఒరిజినల్ అయినా సరే, ఇలా నేరుగా రాసుకోకూడదు." అంటే మేం చేసిన తప్పు ఒకటి కాదు, రెండు. కొనడంలో నాది, వాడడంలో అక్కది. ఇంటికొచ్చి సీసా తిప్పి చూస్తే వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో "ఫ్రాగ్రెన్స్ ఆయిల్" అని ఉంది. అంటే అది వాసన కోసం కలిపిన నూనె. గంధం చెట్టుకీ దానికీ సంబంధం ఉండాలనేం లేదు.

సరే, అసలు ఇది ఎందుకంత ఖరీదు? గంధం చెట్టులో బయట తెల్లగా ఉండే చెక్కకి వాసన ఉండదు. లోపలి చేవలోనూ వేళ్ళలోనూ మాత్రమే నూనె ఉంటుంది. ఆ చేవ పట్టడానికి ఏళ్ళకేళ్ళు పడుతుంది, పదిహేను, ఇరవై, ఒక్కోసారి ముప్పై ఏళ్ళు. పైగా ఇది ఒంటరిగా బతికే చెట్టు కాదు. పక్కనున్న చెట్ల వేళ్ళ నుంచి కొంత ఆహారం లాక్కుంటుంది. వేళ్ళలోనూ నూనె ఉంటుంది కాబట్టి చెట్టుని నరకరు, వేళ్ళతో సహా పెకిలిస్తారు. అంటే ఆ చెట్టు కథ అక్కడితో అయిపోయినట్టే. తర్వాత చేవని పొడి చేసి, ఆవిరి పట్టి గంటల తరబడి నూనె తీస్తారు. వంద కిలోల చేవ నుంచి వచ్చేది నాలుగైదు కిలోల నూనె, అంతే.

మైసూర్ పేరు ఎందుకొచ్చిందంటే, ఒకప్పుడు అక్కడి గంధపు చెక్క జర్మనీకి వెళ్ళేది. మొదటి ప్రపంచ యుద్ధంతో ఆ ఎగుమతి ఆగిపోయింది. చెక్క గుట్టలు గుట్టలుగా మిగిలిపోతే, నూనె మనమే తీద్దామని మైసూర్ సంస్థానం 1916లో ఫ్యాక్టరీ పెట్టింది. మైసూర్ శాండల్ సబ్బు కూడా ఆ నూనె నుంచి వచ్చిందే. చెట్లని విపరీతంగా కొట్టేయడం, దొంగ రవాణా వల్ల మన అడవుల్లో ఇప్పుడు గంధం బాగా తగ్గిపోయింది.

ఇప్పుడు ఆ లెక్క చెప్తాను, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. అసలైన చందనం నూనె కిలో ధర లక్షల్లో ఉంటుంది. మనం తక్కువలో తక్కువ లక్ష రూపాయలే అనుకుందాం. పది ఎం.ఎల్. అంటే దాదాపు పది గ్రాములు, కిలోలో వందో వంతు. అంటే వెయ్యి రూపాయలు. సీసా, డబ్బా, కొరియర్, అమ్మేవాడి లాభం ఏవీ లేకుండానే వెయ్యి! మరి 249కి ఎవరైనా ఎలా ఇస్తారు? ఈ ఒక్క లెక్క ఆ రోజు నేను వేసుకుని ఉంటే ఆ లింక్ పంపేవాణ్ణి కాదు. అలాగని ఎక్కువ రేటు ఉన్నదల్లా అసలుదేం కాదు. చవకది అసలుది కాదని మాత్రం ఈ లెక్కతో తేలిపోతుంది.

రేటు సరిపోయింది అనుకోండి, అప్పుడు లేబుల్ చదవండి.

ఒకటి, చెట్టు శాస్త్రీయ నామం. మన గంధం అయితే "శాంటాలమ్ ఆల్బమ్" అని ఉండాలి. "శాంటాలమ్ స్పైకాటమ్" అని ఉంటే అది ఆస్ట్రేలియా గంధం. నకిలీ కాదు, కానీ వేరే రకం. "ఏమిరిస్" అని ఉంటే అది అసలు గంధమే కాదు. వెస్టిండియన్ శాండల్‌వుడ్ అన్న పేరుతో అమ్మే వేరే చెట్టు నూనె, చాలా చవక.

రెండు, ఏ భాగం నుంచి తీశారు, ఎలా తీశారు, ఏ దేశంలో తీశారు, బ్యాచ్ నంబర్ ఎంత. ఇవి లేని సీసా వద్దు.

మూడు, జీసీ-ఎంఎస్ రిపోర్ట్. నూనెలో ఏమేం ఉన్నాయో ల్యాబ్‌లో విడదీసి చూపించే పరీక్ష ఇది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మన గంధం నూనెలో ఆల్ఫా శాంటలాల్ 41 నుంచి 55 శాతం, బీటా శాంటలాల్ 16 నుంచి 24 శాతం మధ్య ఉండాలి. రిపోర్ట్ మీది బ్యాచ్ నంబర్, సీసా మీది బ్యాచ్ నంబర్ ఒకటేనా అన్నది తప్పకుండా చూడండి. అడిగితే రిపోర్ట్ ఇవ్వనివాడి దగ్గర కొనకండి. కర్ణాటక ప్రభుత్వ సంస్థ కేఎస్‌డీఎల్ లాంటి చోట నేరుగా కొంటే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది.

చాలామంది కాగితం టెస్ట్ గురించి చెప్తారు. కాగితం మీద చుక్క వేస్తే మరక ఉండకూడదు, ఉంటే డూప్లికేట్ అని. గంధం నూనె విషయంలో ఇది నమ్మొద్దు. ఇది చిక్కటి నూనె, చాలా నెమ్మదిగా ఆరుతుంది. అసలుదైనా మరక చాలాసేపు ఉండిపోతుంది. వాసనతో కూడా పూర్తిగా తేల్చలేం. అసలుది మెత్తగా, కాస్త పాల వాసనలా మొదలై గంటల తరబడి ఉంటుంది. మూత తీయగానే ముక్కు పగిలేలా వస్తే అనుమానించండి. కానీ ఇప్పుడు గంధం వాసన వచ్చే కెమికల్స్ కూడా బాగా నిలబడేవి వచ్చాయి. కాబట్టి ముక్కుని సగమే నమ్మండి.

ఇంకో మాట, మన శేషాచలం ఎర్రచందనం వేరు, ఈ గంధం వేరు. ఎర్రచందనానికి రంగు ఉంది కానీ ఈ సువాసన లేదు. ఎర్రచందనం సువాసన తైలం అని ఎవరైనా అమ్మితే మర్యాదగా దణ్ణం పెట్టి వచ్చేయండి.

ఇక వాడడం. గుర్తుపెట్టుకోవడానికి ఒకే ఒక్క సూత్రం: ఒక టీస్పూన్ కొబ్బరి నూనెకో నువ్వుల నూనెకో ఒక్క చుక్క. అంటే దాదాపు ఒక శాతం. ముఖానికైతే రెండు టీస్పూన్లకి ఒక చుక్క చాలు. ఎక్కువ వేస్తే ఎక్కువ నిగారింపు వస్తుందనుకోకండి, ఎక్కువ మంట రావచ్చు. ఇంత కొంచెం సరిపోతుంది కాబట్టి ఖరీదైన సీసా కూడా చాలా నెలలు వస్తుంది.

కలిపిన నూనెని ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి రెండు రోజులు ఆగండి. దద్దుర్లు, దురద, మంట ఏదొచ్చినా సబ్బుతో కడిగేసి ఆ నూనె పక్కన పెట్టేయండి. పెళ్ళి, ఫంక్షన్ వారంలో ఉందంటే కొత్తవి అసలు మొదలుపెట్టొద్దు. మా అక్క తరఫున చెప్తున్నా.

కళ్ళ దగ్గర, పుండ్ల మీద రాయకండి. స్నానం బకెట్లో నేరుగా వేయకండి, నూనె నీళ్ళలో కలవదు, తేలి ఒంటికి అలాగే అంటుకుంటుంది. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్ళు, చర్మవ్యాధికి మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడిగాకే వాడాలి. పాలల్లో ఒక చుక్క వేసుకుని తాగమని కొన్ని వీడియోల్లో చెప్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ సీసాలు వాళ్ళకి అందని చోట పెట్టాలి. ముఖ్యంగా నీలగిరి తైలం, కర్పూరం. కొంచెం మింగినా పిల్లలకి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఒకవేళ ఏ తైలమైనా మింగేస్తే, వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. సీసా చేతిలో పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి, లేదా 108కి ఫోన్ చేయండి.

చివరగా, పది ఎం.ఎల్.కి అన్ని వేలు పెట్టలేను అంటారా? అసలేం సిగ్గుపడక్కర్లేదు. మన అమ్మమ్మలు నూనె కొనలేదు. చిన్న గంధపు చెక్క, ఒక సాన, నాలుగు చుక్కల నీళ్ళు, అంతే. సింహాచలం అప్పన్నకి కూడా చందనం అరగదీసే పూస్తారు కదా. నూనె అంత ఘాటు కాదు కాబట్టి ఒంటికీ కాస్త నయమే. దీనికి కూడా మోచేతి టెస్ట్ మాత్రం మర్చిపోవద్దు.

ఇప్పుడు అక్క దగ్గర ఉన్నది అదే, అమ్మమ్మ వాడిన సాన. "ఇక నువ్వు నాకు లింకులు పంపకురా బాబూ" అంటుంది. మీ ఇంట్లో పెళ్ళికూతురు ఎవరైనా ఉంటే ఈ వీడియో లింక్ మాత్రం పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే.