ఫొటో మసకగా వస్తోందా? లెన్స్ మార్చే ముందు ఇవి చూడండి

ఈ ఎపిసోడ్ ఆగిరిపల్లి మామిడి తోటలోంచి. ఫొటో షార్ప్‌గా రాకపోతే కారణం ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి? అదీ ఇవాళ్టి టాపిక్.

ఇక్కడ ఇది లైకుల గొడవ కాదండీ. ఆకు మీద నల్లగా ఏదో కనపడగానే రైతు ఏం చేస్తాడు? ఫొటో తీసి మందుల షాపుకో, తెలిసిన ఆఫీసరుకో వాట్సాప్ చేస్తాడు. తేనెమంచు పురుగు వదిలిన జిగురు మీద మసి తెగులు పెరుగుతుంది. పక్షికన్ను తెగులు మచ్చలు వేరు. మసిని వేలితో తుడిస్తే పోతుంది, మచ్చ పోదు. మసక ఫొటోలో మాత్రం రెండూ నల్లగానే ఉంటాయి. వాటికి కొట్టాల్సిన మందులు వేరు. ఫొటో చూసి పొరబడితే స్ప్రే ఖర్చు వృథా, పూత కూడా పోవచ్చు.

మా బాబాయి అడిగాడు, "ఏరా, ఈ ఫోన్ పనైపోయిందా? కొత్తది కొనాలా?" అని. నేనన్నాను, "ఆగు బాబాయ్, ముందు ఆ ఫొటోని బాగా జూమ్ చేసి చూద్దాం." ఎందుకంటే బ్లర్ అంతా ఒకటి కాదు. ఏ రకం బ్లరో ఫొటోలోనే తెలుస్తుంది.

మొదటి రకం: ఫొటో అంతా పొగమంచు పట్టినట్టు, వెలుతురు ఉన్నచోట తెల్లగా చెదిరినట్టు ఉంటుంది. లెన్స్ మీద మురికి. కాయ కోసిన చేత్తో ఫోన్ పట్టుకుంటే సొన అంటుతుంది, వేలిముద్రలు పడతాయి. ముందు దుమ్ము ఊదేసి, తర్వాత కళ్లజోడు గుడ్డతో మెల్లగా తుడవండి. ఎండ నేరుగా లెన్స్ మీద పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టండి.

రెండో రకం: అన్నీ ఒకే వైపు సాగినట్టు కనిపిస్తాయి. చెయ్యి కదిలింది. ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని, మోచేతులు ఒంటికి ఆనించి, 2 సెకన్ల టైమర్ పెట్టండి. కెమెరా ఉన్నవాళ్లకి పాత లెక్క ఒకటుంది. ఏపీఎస్-సీ కెమెరాలో 50 ఎంఎం దగ్గర షట్టర్ స్పీడ్ కనీసం 1/80 ఉండాలి. జూమ్ పెరిగే కొద్దీ ఇంకా వేగం కావాలి.

మూడో రకం: కాండం షార్ప్‌గా ఉంటుంది, పూత మాత్రం చెదిరిపోతుంది. అది గాలి పని. ఇక్కడే చాలామంది "నా ఫోన్‌లో స్టెబిలైజేషన్ ఉంది కదా" అంటారు. అది మీ చేతి వణుకుని ఆపుతుంది, ఊగే కొమ్మని ఆపదు. ప్రో మోడ్‌లో షట్టర్ 1/500 పెట్టండి. చీకటిగా వస్తే ఐఎస్‌ఓ పెంచండి. కాస్త గ్రెయిన్ వచ్చినా మచ్చ ఆకారం తెలుస్తుంది. కదిలిపోతే ఏదీ తెలియదు.

నాలుగో రకం: పురుగు మసక, వెనకున్న ఆకు షార్ప్. ఫోకస్ తప్పింది. ఫోన్‌ని మరీ దగ్గరగా పెడితే మెయిన్ లెన్స్ ఫోకస్ చెయ్యలేదు. ఒక జానెడు వెనక్కి వచ్చి, 2ఎక్స్ పెట్టి, పురుగు మీదే టచ్ చేయండి. పక్కన రూపాయి బిళ్ళ పెడితే సైజు కూడా తెలుస్తుంది. కెమెరాలో అయితే ఒకే ఫోకస్ పాయింట్ ఎంచుకోండి. ఏపీఎస్-సీలో 50 ఎంఎం లెన్స్‌ని ఎఫ్ 1.8లో పెట్టి 60 సెంటీమీటర్ల దూరం నుంచి తీస్తే, షార్ప్‌గా ఉండేది సుమారు 1 సెంటీమీటరు మందమే. ఎఫ్ 8కి వెళ్తే నాలుగు సెంటీమీటర్ల పైనే. అలాగని ఎఫ్ 22 దాకా పోకండి, డిఫ్రాక్షన్ వల్ల మొత్తం మళ్లీ మెత్తబడుతుంది.

ఐదో రకం: మీ గ్యాలరీలో బాగానే ఉంది, అవతలివాళ్లకి మసక. కెమెరా తప్పేం లేదు, వాట్సాప్ ఫొటోని కుదించేసింది. హెచ్‌డీ నొక్కి పంపండి. ఇంకా మేలు, డాక్యుమెంట్‌గా పంపండి, అసలు ఫైలే వెళ్తుంది. ఒకరు పంపింది ఇంకొకరికి, వాళ్లు ఇంకొకరికి స్క్రీన్‌షాట్లు తీసి పంపితే ఇక మిగిలేదేం ఉండదు.

ఇవన్నీ చూశాక కూడా మసకేనా? అప్పుడే లెన్స్‌ని అనుమానించండి. తెలుగు పేపర్ ఒకటి గోడకి తిన్నగా అంటించండి. కెమెరాని ట్రైపాడ్ మీదో స్టూల్ మీదో గోడకి ఎదురుగా పెట్టి, స్టెబిలైజేషన్ ఆపి, ఎఫ్ 8, టైమర్‌తో తీయండి. తలకట్లు, ఒత్తులు చదవగలుగుతున్నారా చూడండి. నాలుగు మూలల్లో ఒక మూలే మసకైతే, పేపర్ సరిగ్గా ఉందో లేదో చూసుకుని మళ్లీ తీయండి. మళ్లీ అదే మూల మసకైతే లెన్స్‌లో అద్దం పక్కకి జరిగి ఉండొచ్చు, రిపేర్‌కి ఇవ్వండి. డీఎస్‌ఎల్‌ఆర్‌లో వ్యూఫైండర్‌తో తీస్తే మసక, లైవ్ వ్యూలో తీస్తే షార్ప్ అయితే లెన్స్ అద్దాలు బాగానే ఉన్నట్టు. ఆటోఫోకస్ అడ్జస్ట్‌మెంట్ చాలు.

బాబాయి ఫోన్ సంగతి అంటారా? నాలుగో రకం. జానెడు వెనక్కి రమ్మన్నాను, అంతే. కొత్త ఫోన్ డబ్బులు మిగిలాయి. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఫొటోలు పంపేటప్పుడు పక్కన నిలబడి ఈ ఐదూ ఒకసారి చూపించండి. తోటకి వెళ్లి పురుగుని చూడలేని మనిషికి ఆ ఫొటోనే కళ్లు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ!