తెర మీద ఉన్నది ఎవరి కథ?



ఈరోజు హాలీవుడ్ కౌబాయ్ సినిమాల గురించి మాట్లాడతాను. గుర్రాలు, తుపాకులు, దుమ్ము తప్ప వాటిలో ఏముందని మీరు అనుకోవచ్చు. వాటిలో రాజకీయం చాలా ఉంది.

1952లో ‘హై నూన్’ వచ్చింది. పగబట్టిన హంతకుడు మధ్యాహ్నం రైలుకు ఊళ్లో దిగుతున్నాడు. సాయం రమ్మని మార్షల్ అందరినీ అడుగుతాడు. ఊరు మొహం చాటేస్తుంది. ఈ సినిమా తీస్తున్న రోజుల్లోనే, కమ్యూనిస్టులను వేటాడుతున్న అమెరికా కాంగ్రెస్ కమిటీ దాని రచయిత కార్ల్ ఫోర్‌మన్‌ను విచారణకు పిలిచింది. తోటివాళ్ల పేర్లు చెప్పమంటే ఆయన చెప్పలేదు. పని దొరక్క దేశం విడిచి ఇంగ్లండ్ వెళ్లాడు. ఆ పిరికి ఊరు నిజానికి హాలీవుడ్డే.

1970లో ‘సోల్జర్ బ్లూ’ వచ్చింది. 1864లో కొలరాడోలోని శాండ్ క్రీక్ దగ్గర అమెరికా సైనికులు షయాన్, అరాపహో గూడేన్ని ఊచకోత కోశారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. తెర మీద అది చూసిన జనానికి వియత్నాంలో 1968లో జరిగిన మై లాయ్ హత్యాకాండ గుర్తొచ్చింది. యుద్ధాన్ని ప్రశ్నించడం మంచిదే. కానీ ఆ సినిమాలో నాయికా నాయకులు తెల్లవాళ్లు. చనిపోవడానికి మాత్రమే ఆదివాసులు కావాల్సి వచ్చింది.

అంతకుముందు, 1956 నాటి ‘ద సెర్చర్స్’ను నవాహోల నేల మీద తీశారు. నవాహోలకు కొమాంచీ వేషాలు వేశారు. కొమాంచీ నాయకుడి పాత్ర మాత్రం జర్మనీలో పుట్టిన నటుడికి ఇచ్చారు.

1998లో ‘స్మోక్ సిగ్నల్స్’ వచ్చింది. దర్శకుడు క్రిస్ ఐర్ షయాన్, అరాపహో తెగలవాడు. అంటే శాండ్ క్రీక్‌లో ఎవరిని చంపారో, ఆ జనం బిడ్డ. ఆయన ఊచకోత తీయలేదు. చనిపోయిన తండ్రి అస్థికల కోసం బస్సెక్కిన ఇద్దరు ఆదివాసీ కుర్రాళ్ల కథ తీశాడు. వాళ్లు పోట్లాడుకుంటారు, జోకులేసుకుంటారు, ఏడుస్తారు. మనుషుల్లా బతుకుతారు.

మన గూడేలకూ కెమెరాలు వస్తుంటాయి. మన డోలు, మన అడవి, మన కష్టం వాళ్లకు కావాలి. రానివ్వండి. కానీ అడగండి: ఇందులో మాట్లాడేది ఎవరు? మా భాష వినిపిస్తుందా? మేము కథలో ఉన్నామా, వెనక బొమ్మగా ఉన్నామా?

మీ అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. ఈ రాత్రి ఇంటికెళ్లి మీ అవ్వను ఒక కథ చెప్పమనండి. ఆమె భాషలోనే రికార్డు చేయండి. అక్కడ మొదలుపెడదాం.