మాటకు తేదీ



ఈ సాహిత్య సభ అధ్యక్షుడు వికారాబాదు జిల్లా సాహిత్య చరిత్ర చెబుతాడని మీరు అనుకుని ఉంటారు. ఆ పని తర్వాతి వక్తలు నాకంటే బాగా చేస్తారు. కొన్నాళ్లుగా నన్ను నిద్రపోనివ్వని ఒక సంగతి మీ ముందు పెడతాను.

ఈ మధ్య ఒక ఊళ్లో కవిసమ్మేళనానికి పిలిచిన యువకవిని ముందురోజు రాత్రి రావద్దన్నారు. పదిహేడేళ్ల వయసులో అతను ఒక కులం గురించి ఫోన్‌లో రాసిన రెండు వాక్యాలను ఎవరో వెలికి తీశారు. ఆ వాక్యాలు నేను చూశాను. నీచమైన మాటలే, అందులో అనుమానం లేదు. ఇప్పుడు అతనికి ఇరవై ఆరేళ్లు. మధ్యలో అతను ఏం రాశాడో, ఆ మాటల గురించి ఇవాళ ఏమనుకుంటున్నాడో ఎవరూ అడగలేదు. ఎవరినైతే అతను ఆ మాటలన్నాడో వాళ్లనూ అడగలేదు. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. అతను వాళ్ల ముందు నిలబడి జవాబు చెప్పాలి. క్షమించాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. రద్దు చేసినవాళ్లు ఆ జవాబు వినే హక్కును కూడా వాళ్లకు లేకుండా చేశారు.

పాత మాటల్ని తవ్వకూడదని నేను అనను. తవ్వాలి. అయితే ఎలా తవ్వాలన్నదానికి మన జిల్లాలోనే ఒక పాఠం ఉంది.

మర్పల్లి మండలం సిరిపురంలో పుట్టిన మర్రి చెన్నారెడ్డి గారు 1967లో తాండూరు నుంచి శాసనసభకు గెలిచారు. ఆ ఎన్నికను వందేమాతరం రామచంద్రరావు గారు హైకోర్టులో సవాలు చేశారు. 1968లో హైకోర్టు ఆ ఎన్నిక చెల్లదని చెప్పడంతో చెన్నారెడ్డి గారు కేంద్ర ఉక్కు, గనుల మంత్రి పదవిని వదులుకున్నారు. ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా తీర్పును నిలబెట్టింది. ఆరేళ్లపాటు ఎన్నికల్లో నిలబడే అర్హత పోయింది. నన్ను ఆలోచింపజేసేది అక్కడి విచారణ పద్ధతి. ఎన్నికల పిటిషన్ 45 రోజుల్లోపు వేయాలి. ఫలానా తప్పు ఫలానా తేదీన, ఫలానా చోట, ఫలానా మనుషుల వల్ల జరిగిందని రాసి, దాని కింద ప్రమాణపత్రం పెట్టాలి. సాక్షిని బోనెక్కిస్తే అవతలి వకీలు గుచ్చి గుచ్చి అడుగుతాడు. ఆరోపణ మోస్తున్న మనిషి తన మాట చెప్పుకుంటాడు. న్యాయమూర్తి కారణాలు రాసి మరీ తీర్పిస్తాడు. పడిన శిక్షకు కూడా ఒక గడువు ఉంటుంది. అప్పట్లో ఒక కేంద్రమంత్రికి దక్కిన ఈ విచారణ ఇవాళ ఒక యువకవికి దక్కడం లేదు.

చెన్నారెడ్డి గారి కథ కోర్టు దగ్గర ఆగలేదు. 1969లో ఆయన తెలంగాణ ప్రజా సమితికి నాయకత్వం వహించి ప్రత్యేక రాష్ట్రం కావాలన్నారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 స్థానాల్లో 10 ఆ పార్టీకే వచ్చాయి. ఆ సెప్టెంబరులోనే పార్టీ కాంగ్రెసులో కలిసిపోయింది. ఏ రాష్ట్రం నుంచి విడిపోవాలన్నారో ఆ రాష్ట్రానికే 1978లో, మళ్లీ 1989లో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. మనిషన్నాక అభిప్రాయం మారుతుంది లెమ్మని దీన్ని వదిలేయడం నాకు చేతకాదు. 1969 ఉద్యమంలో 369 మంది ప్రాణాలు కోల్పోయారని ఉద్యమకారుల లెక్క. ఒక నాయకుడి మాట నమ్మి పిల్లలు తుపాకీకి ఎదురు నిలబడ్డాక ఆ మాట ఇక ఆయన ఒక్కరి సొత్తు కాదు. మార్చుకుంటే ఎందుకు మార్చుకున్నారో ఆ ఇళ్లకు చెప్పి తీరాలి. ఆనాటి పత్రికల ఫైళ్లు భద్రంగా ఉన్నాయి గనుకే ఆ ప్రశ్న ఈనాటికీ అడగగలుగుతున్నాం.

మంత్రి మాటకూ, కుర్రవాడి మాటకూ ఒకే తూకం వేయకూడదని నేను అనేది ఇందుకే.

మాట మార్చుకోవడం మేలు చేసిన సందర్భమూ ఉంది. కందుకూరి వీరేశలింగం గారిని చూడండి. వయసులో ఉండగా పెదవులు తగలని అక్షరాలతో, వచనం లేకుండా, అచ్చతెలుగులో నైషధం రాసిన పండితుడు ఆయన. పుస్తకాలు ఎక్కువగా గ్రంథికంలోనే రాశారు. ఆయనే 1919లో గిడుగు రామమూర్తి గారితో కలిసి, వాడుక భాష కోసం రాజమండ్రిలో పెట్టిన సమాజానికి అధ్యక్షుడయ్యారు. ఆ మే నెలలోనే కన్నుమూశారు. అంటే మారింది ఆఖరి ఏట. ఆ రోజు ఎవరైనా ఆయన పాత పుస్తకాలు గుట్టగా పోసి, ఇవి మీరు రాసినవి కావా అని ఆయన నోరు మూయించి ఉంటే, వాడుక భాషకు అంత పెద్ద అండ దొరికేది కాదు.

తప్పుడు మాటకు జవాబు చెప్పడంలో నాకు సురవరం ప్రతాపరెడ్డి గారే ఆదర్శం. తెలంగాణలో కవులే లేరని ఒక పండితుడు రాస్తే, సురవరం వారు 354 మంది కవులను ఒకచోట చేర్చి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఆ పండితుడి పేరు ఇవాళ కొద్దిమందికే గుర్తు. ఆ సంచికను ఎరగని తెలుగు రచయిత లేడు.

తాండూరు గనుల్లో పనిచేసిన కుటుంబాలవాళ్లు ఈ సభలో ఉన్నారు. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుందని వాళ్లకు నేను చెప్పనక్కరలేదు. గనిలో నిలబడి చూస్తే నీలం రాయి ఎక్కడుందో, పసుపు రాయి ఎక్కడుందో, దేని మీద ఏది పేరుకుందో కళ్లకు కనిపిస్తుంది. అదే బండను కోసి, పాలిష్ పట్టి లారీకెత్తాక అది ఏ పొరదో ఎవరూ చెప్పలేరు. ఫోన్లలో తిరిగే పాత మాట స్క్రీన్‌షాట్ కూడా అలాంటి బండే. ఆ మాట ఎవరికి జవాబుగా అన్నదో, దానికి ముందూ వెనకా ఏముందో, ఏ ఏడాదిదో అన్నీ ఊడిపోతాయి. వాట్సాప్‌లో నలభై చేతులు మారేసరికి తొమ్మిదేళ్ల కిందటి మాట నిన్న సాయంత్రం అన్నట్టే ఉంటుంది. నెట్‌లో రాసిన మాటకు మనిషిని జైలుకు పంపిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. పోలీసులు చేయకూడదన్న పనిని ఇప్పుడు మనమే చేస్తున్నాం.

చెరిపేసుకునే హక్కు గురించి కూడా ఒక మాట. 2014లో యూరప్ న్యాయస్థానం గూగుల్ వెతుకులాటలోంచి తమ పాత వివరాలు తీయించుకునే హక్కును అక్కడి మనుషులకు ఇచ్చింది. మన సుప్రీంకోర్టు 2017లో గోప్యతను ప్రాథమిక హక్కు అంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలోనూ వివరాలు చెరిపించుకునే నిబంధన ఉంది. చిన్నతనంలో నోరు జారిన సామాన్యులకు ఇది అవసరం. అధికారంలో ఉన్నవాళ్లు, కలం పట్టినవాళ్లు మాత్రం దాని చాటున దాక్కోకూడదు.

కలం పట్టినవాణ్ణి కనుక నా సంగతీ చెప్పాలి. 1986లో నేను తెలుగు పంతులుగా ఉండగా, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె బండల గనిలో పనిచేసే తన తండ్రి మీద కథ రాసి తెచ్చింది. ‘నాయిన పొద్దుగూకినంక ఇంటికొచ్చిండు’ అన్న చోట ఎర్ర సిరాతో కొట్టేసి ‘వచ్చాడు’ అని దిద్దాను. అంతటితో ఆగకుండా, యాస రచనకు పనికిరాదని ఒక చిన్న పత్రికకు వ్యాసం కూడా రాశాను. ఆ రోజుల్లో అందరూ అలాగే అనుకునేవారని తప్పించుకోను. అప్పటికే కాళోజీ గారు మన పలుకుబడి కోసం ఎన్నో ఏళ్లుగా గొంతెత్తుతున్నారు. నేను వినలేదు. ఆ అమ్మాయి మళ్లీ చాలా ఏళ్లు కథ రాయలేదని తర్వాత తెలిసింది. ఈ మధ్య ఆ వ్యాసం నెట్‌లోకి వచ్చింది. తీయించేద్దామా అని మా అబ్బాయి అడిగితే వద్దన్నాను. అందులో నేను ఎక్కడ తప్పో, ఎవరి మనసు విరిచానో రాసి దాని కిందే పెట్టించాను.

మిమ్మల్ని కోరేది కూడా ఇదే. వ్యాస సంపుటం వేసేటప్పుడు పాత వ్యాసాన్ని గుట్టుగా దిద్దకండి. తేదీ వేయండి. మారి ఉంటే మారానని కింద రాయండి. ఎవరి పాత మాటైనా మీ చేతికొస్తే, ముందుకు పంపే ముందు తేదీ చూడండి, పూర్తిగా చదవండి, ఆ మనిషికి ఫోన్ చేసి అడగండి.

ఆ అమ్మాయి ఇప్పుడు టీచరమ్మ. తాండూరు నుంచి వచ్చి మూడో వరసలో కూర్చున్నారు. మధ్యాహ్నం కథల సభలో నేను దిద్దిన ఆ కథనే ఆమె చదువుతారు. ‘ఇంటికొచ్చిండు’ అనే చదువుతారు.